ఎడమ పక్క గుట్టలు

ఏప్రిల్ 22, పాల్వంచ

ఖమ్మంలో కంటి డాక్టరు దగ్గర పొద్దున పదింటి నుంచి రెండింటి దాకా కూర్చున్నాను. గిన్నెలాంటి ఒక యంత్రంలో గడ్డం ఆనించి, ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ చిన్న దీపం వెలిగినా బటన్ నొక్కమన్నారు. నాకు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్లు థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో నేను చేసిందే ఆ పని. ప్యానెల్ మీద ఏ మూల ఎర్ర దీపం వెలిగినా ఈ మంగీలాల్ కంటే ముందు చూసినవాడు మా షిఫ్టులో లేడు.

తరవాత డాక్టరమ్మ కాగితం చూపించింది. మా అమ్మాయి సోని కంటే చిన్న పిల్ల. ఎడమ కంటి బొమ్మలో మధ్యన కాస్త తెలుపు, చుట్టూ నలుపు. కుడి కంటికి అంచులు నల్లబడుతున్నాయి.

"నీటికాసులు అంకుల్, గ్లాకోమా అంటరు. పోయిన చూపు మళ్ల రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలె. రోజూ పండుకునే ముందర ఈ చుక్కలు ఏసుకోండి. ఇంక బండి నడపొద్దు."

"నాకు మంచిగనే కనపడుతది గదమ్మా. పేపర్ గూడ చదువుత."

"ఎదురుంగున్నది కనపడ్తది. పక్కలకెల్లి వచ్చేది కనపడది. కనపడ్తలేదన్న సంగతి గూడ మీకు తెల్వది. అదే దీంతోటి తిప్పలు."

ఖమ్మం నుంచి పాల్వంచ దాకా బండి మీదే వచ్చాను. ఏమీ కాలేదు.


ఏప్రిల్ 23

అద్దాల నంబరు మారిందని మాత్రం వైరాలో ఉన్న నా భార్య రూప్లికి ఫోన్లో చెప్పాను.


ఏప్రిల్ 27

ఇంట్లో నేనొక్కణ్నే. సోని కాన్పు సెలవు అయిపోయి బ్యాంకు డ్యూటీలో చేరింది, చంటిదాన్ని చూసుకోవడానికి రూప్లి వైరా పోయి మూడు వారాలు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఈ ఇల్లు కట్టుకున్నది ఇద్దరం ఉండటానికే. కానీ నేను రిటైరైన జనవరి నుంచి ఇద్దరం ఒకే గదిలో గంటసేపు కూర్చుంటే ఏం మాట్లాడుకోవాలో తెలియడం లేదు. షిఫ్టు ఉన్నప్పుడు "తిన్నవా", "పండుకో", "లే, టైమైంది" అనే మూడు మాటలతో ముప్పై నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఇంట్లో ఎవరూ లేకపోయినా మందు సీసా బండి సామాన్ల డబ్బాలో దాచాను. రాత్రి తల పైకెత్తి వేసుకుంటే మూడు చుక్కలు చెంప మీద, ఒకటి కంట్లో.

ప్రతి వేసవిలో కొత్తగూడెం దిక్కు నుంచి పిల్లలు బండ్ల వెనక సంచులు కట్టుకుని, గుంపులు గుంపులుగా మా ప్లాంటు గేటు ముందు నుంచే మారేడుమిల్లి వైపు పోయేవాళ్లు. పొద్దున డ్యూటీ దిగి టీ తాగుతూ చూసేవాణ్ని. రిటైరయ్యాక పోదాం అనుకునేవాణ్ని. బుల్లెట్ కొన్నది అందుకే. పద్నాలుగేళ్లలో అది ప్లాంటుకీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పోలేదు.

డాక్టరమ్మ చెప్పింది ఊళ్లో ట్రాఫిక్ గురించి అయి ఉంటుంది. గుట్టల రోడ్ల మీద పక్కల నుంచి వచ్చేది ఎవరు?


మే 1

బండికి కొత్త టైర్లు, బ్రేకులు. రూప్లి ఫోన్ చేస్తే అరకు దాకా పోతున్నానని చెప్పాను.

"ఒక్కనివే పోతవా?"

"రాజేష్ వస్తుండు."

"రాజేష్ ఉంటె పర్వాలే. నీ లెక్క మొండోడు కాదు."

రాజేష్ నాతో పాటు కంట్రోల్ రూములో పనిచేశాడు, పోయినేడు రిటైరయ్యాడు. రేపు పొద్దున అడుగుదాం. ఐదింటికి లేవడానికి వాడు ఒప్పుకోడు.


మే 2, చింతూరు

ఐదింటికి బయలుదేరాను. రాజేష్‌ను అడగలేదు. వాడికి మోకాళ్ల నొప్పులు.

భద్రాచలం వంతెన మీద ఆగాను. గోదావరి సన్నగా, ఇసుకే ఎక్కువ. తొమ్మిదింటికే గాలి వేడెక్కింది. చింతూరు చేరేసరికి హెల్మెట్ లోపల నెత్తి ఉడికిపోయింది. లాడ్జిలో ఫ్యాను వేడి గాలినే తిప్పుతోంది. అయినా ఎన్నాళ్లకో సంతోషంగా ఉంది. ఇది రాయడానికే డైరీ తెచ్చుకున్నాను.

సాయంత్రం రూప్లి అడిగింది, "రాజేష్ ఏం జేస్తుండు?"

"పండుకుండు. గురక పెడ్తుండు."

రూప్లి నవ్వింది. నేనూ నవ్వాను.


మే 3, సీలేరు

డొంకరాయి నుంచి ఘాట్ మొదలైంది. కుడి వైపు లోయ, ఎక్కడ చూసినా ఎండిన ఆకు రంగు, దాని నడుమ అక్కడక్కడ లేత పచ్చ. ఇంత అడవిలో నా బండి చప్పుడు ఒక్కటే. మలుపు దగ్గర ఆపి ఇంజను కట్టేశాను. చెవులు గుయ్యిమన్నాయి. టర్బైన్ల పక్కన బతికినవాణ్ని, చప్పుడు లేకపోతే ఎవరో లేచి వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది.

ఒక బస్సు హారన్ కొట్టకుండా పక్కకు వచ్చేసింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. ఈ రోడ్ల మీద డ్రైవర్లకు హారన్ కొట్టే అలవాటు లేనట్టుంది.

సీలేరులో నీళ్ల కరెంటు తయారయ్యే పవర్‌హౌస్ గేటు దాకా పోయాను. పాల్వంచ ప్లాంటులో చేశానని సెంట్రీకి చెప్పాను. "అవునా సార్" అన్నాడు. అంతే. కొండ మీద నుంచి దిగే పెద్ద పైపులు చూస్తూ కాసేపు నిలబడ్డాను. బొగ్గు లేదు, బూడిద లేదు. ఇక్కడ ఉద్యోగం అయితే నా జీవితం వేరేగా ఉండేదా? ఉండేది కాదు. షిఫ్టు షిఫ్టే.

రూప్లికి ఫోన్ చేసి రాజేష్‌కు ఘాట్‌లో కళ్లు తిరిగాయని చెప్పాను. "నిమ్మకాయ వాసన చూపియ్యి" అంది.


మే 4, లంబసింగి

రోజంతా "టీ" అని రెండుసార్లు, "రూం ఉందా" అని ఒకసారి అన్నాను. ఇంకేమీ మాట్లాడలేదు.


మే 5, అరకు

వచ్చేశాను. అరకు దాకా బండి మీద. అరవై ఒక్కేళ్ల మనిషిని.

కాఫీ తోటల పక్కన హైదరాబాదు పిల్లలు నలుగురు కలిశారు. ఒకడు "అంకుల్, సోలోనా? సూపర్" అని నా ఫోన్ తీసుకుని బండితో ఫోటో తీశాడు. పది నిమిషాలు వాళ్లతో కూర్చున్నాను. తరవాత వాళ్లు వెళ్లిపోయారు. దుమ్ము తగ్గేదాకా ఆ దిక్కే చూస్తూ ఉన్నాను.

ఫోటో పంపితే రూప్లి వెంటనే ఫోన్ చేసింది.

"రాజేష్ ఏడి ఫోటోల?"

"వాడే తీసిండు."

ఆ తరవాత ఆమె రాజేష్ గురించి అడగలేదు. నేనే చెప్పుకుంటూ పోయాను. రాజేష్‌కు ఇక్కడి కాఫీ నచ్చలేదని, ఇంటి మీద గాలి మళ్లిందని, భార్యను తేవాల్సింది అంటున్నాడని. రూప్లి చాలాసేపు విని, "అనుకున్నోడు తేవాలె గద మరి" అంది.


మే 6, మారేడుమిల్లి

నర్సీపట్నం మీదుగా దిగి, మళ్లీ ఎక్కి, పన్నెండు గంటలు పట్టింది. రెండు చోట్ల బండి రోడ్డు దిగబోయింది. అడ్డతీగల దాటాక ఎడమ వైపు సంచి ఒక కిలోమీటరు రాయికి తగిలి చిరిగింది. ఇక్కడ రోడ్డు అంచులు సరిగా లేవు.

రాత్రి వెదురు చికెన్ వాసన ఊరంతా. ఒక్కడికి ప్లేటు ఇవ్వం, ఇద్దరికి సరిపడా తీసుకోవాలన్నారు. సగం వదిలేశాను.


మే 7, భద్రాచలం

ఒక మనిషికి దెబ్బ తగిలింది. బతికే ఉంది. నా తప్పు లేదు.


మే 8, భద్రాచలం

జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవాలి. ప్లాంటులో యూనిట్ ఆగిపోతే లాగ్ బుక్కులో అలాగే రాసేవాళ్లం.

నిన్న పొద్దున తొమ్మిది దాటింది. చింతూరు దాటి ఇరవై కిలోమీటర్లు వచ్చాను. అడవిలో రోడ్డు ఎడమకు తిరుగుతుంది. అప్పుడే ఆడవాళ్లు బీడీలు చుట్టే తునికాకు కోసుకుని ఊరికి తిరిగిపోతున్నారు. అందులో ఒకామె చూసుకోకుండా రోడ్డెక్కింది. బండి ముందున్న రాడ్డు ఆమెకు తగిలింది. నేను అవతల పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది. ఆమె నెత్తి మీది మూట విడిపోయి రోడ్డంతా ఆకే. ఆమె పేరు గంగక్క. కుడి కాలి ఎముక, కుడి మణికట్టు విరిగాయి.

అంబులెన్సులో భద్రాచలం దవాఖానాకు తెచ్చారు. వెనకాలే ఆమె పెనిమిటి పగిడయ్య, అత్త వచ్చారు. కోయవాళ్లు. తమలో తాము కోయలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో. పగిడయ్య నాకు దండం పెట్టాడు.

"మీ తప్పేం లేదు సారూ. అందరు చూసిండ్రు. మా ఆడిదే ముందర ఎనక చూస్కోకుండ రోడ్డెక్కింది. మీరు పోతె పోండి."

ఆయన అలా అనగానే నా గుండెలోంచి ఏదో బరువు దిగిపోయింది. పోలీసు స్టేషన్ నుంచి వచ్చిన హెడ్డు కానిస్టేబులు కూడా ఊరివాళ్లను అడిగి అదే రాసుకున్నాడు.

మందులు తెచ్చి ఇచ్చాను. బండి ఫుట్‌రెస్ట్ వంగింది. మెకానిక్ సాయంత్రానికి ఇస్తానన్నాడు. రేపు బయలుదేరతాను.


మే 9, భద్రాచలం

బండి వచ్చింది. పోయే ముందు ఒకసారి చూసి పోదామని దవాఖానాకు పోయాను.

గంగక్క కాలికి ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. కుడి చేతికి పిండికట్టు. నలభై, నలభై ఐదేళ్లు ఉంటాయి. ఎండిన మనిషి. నన్ను చూసి లేవబోయింది.

"నీ బండి కరాబైందా అన్నా?"

"లేదమ్మా. మంచిగైంది."

"నీకు దెబ్బ గిట్ల తాకలే గద?"

మోచేయి వెనక్కి పెట్టుకున్నాను. అత్త మంచం కింద కూర్చుని తెలుగులోనే, నాకు వినపడేట్టు తిడుతోంది. "ఆకు కోసే పదిహేను దినాలల్ల చెయ్యిరగ్గొట్టుకున్నది. గంత పెద్ద బండి కనపడలేదంట. కండ్లున్నయా అసలు దీనికి?" పగిడయ్య అందుకున్నాడు. "గుడ్డిదాని లెక్క నడిస్తె గట్లనే అయితది."

గంగక్క నా వైపు తిరిగింది.

"నేను ఆగిన అన్నా. నీ బండి సప్పుడు ఇన్న. మూట ఒక చేత్తోటి పట్టుకొని ఇంకో చెయ్యి ఎత్తిన. నువ్వు నా దిక్కు తిరిగినట్టే ఉండె. చూసిండు, ఆపుతడు అనుకొని అడుగేసిన. ఎత్తలేదా అన్నా నేను చెయ్యి? నువ్వు చూడలేదా?"

ముగ్గురూ నా వైపు చూశారు.

"ఎండ కండ్లల్ల పడ్డది" అన్నాను. "నాకు యాది లేదు."

రేపు బయలుదేరతాను.


మే 10

రేపు బయలుదేరతాను. రూప్లి రెండుసార్లు ఫోన్ చేసింది. రాజేష్‌కు జ్వరం, భద్రాచలంలో ఆగామని చెప్పాను.


మే 11, భద్రాచలం

ఎండ కళ్లలో పడలేదు. పొద్దున తొమ్మిదింటికి పడమటి దిక్కుకు పోతున్నవాడికి ఎండ వీపు మీద ఉంటుంది.

ఇవాళ దవాఖానాకు పోతే వాళ్ల ఊరి ఆడవాళ్లు ముగ్గురు చూడటానికి వచ్చి ఉన్నారు. గంగక్క వాళ్లతో ఏదో చెబుతోంది. పగిడయ్య నాకు తెలుగులో చెప్పాడు, "నిన్నటిదాంక చెయ్యెత్తిన అన్నది. ఇయ్యాల ఎత్తలేదేమో, యాది లేదు అంటుంది సారూ." ఆడవాళ్లు తలలు ఊపారు. గంగక్క కట్టు లేని ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంటోంది.

లాడ్జికి వచ్చి తలుపు వేసుకున్నాను. రాస్తాను.

ఆమె అకస్మాత్తుగా రాలేదు. ఆమె రావడం నేను చూడనే లేదు. రోడ్డు కనిపించింది, ఎదురుగా మద్ది చెట్లు కనిపించాయి, తరవాత ఎడమ వైపు నుంచి ఒక దెబ్బ వినపడింది. కిందపడి లేచాక కూడా బండి దేనికి తగిలిందో నాకు తెలియలేదు. ఆకుల మధ్యన ఎర్ర చీర చూసి ఇది ఎక్కడిది అనుకున్నాను. తలను పూర్తిగా ఎడమకు తిప్పాకే మనిషి కనిపించింది. ఆ బస్సు ఎప్పుడో నా పక్కకు వచ్చి ఉంటుంది. ఆ కిలోమీటరు రాయి అంచులోనే ఉంటుంది. ఆ రాయిని కూడా నేను చూడలేదు.

కనపడటం లేదన్న సంగతి కూడా మీకు తెలియదు అంది ఆ డాక్టరు పిల్ల. కానీ నాకు తెలుసు. ఏప్రిల్ 22 నుంచి తెలుసు.


మే 12, భద్రాచలం

పొద్దున పగిడయ్యను దవాఖానా వరండాలోకి పిలిచాను. బీడీ ముట్టించుకుంటున్నాడు.

"గంగక్క తప్పు లేదు. నాకు ఎడమ దిక్కు కనపడది. కండ్ల రోగం. డాక్టరు బండి నడపొద్దన్నది. అయినా నడిపిన."

అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలినా ఆయన వదల్లేదు.

"ఎండ పడ్డదంటివి."

"అబద్ధం."

"మొన్ననే తెల్సా నీకు?"

"తెలుసు."

అప్పటిదాకా సారూ అన్న మనిషి నా చొక్కా పట్టుకున్నాడు. గొంతు లేవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"కాలు ఇరిగింది, అది అతుక్కుంటది. ఐదు దినాల సంది మా ఆడిదాన్ని అందరి ముందర గుడ్డిది, గుడ్డిది అని తిట్టిన. మా అమ్మ తిట్టింది. ఊరు ఊరంత తిట్టింది. నువ్వు పక్కన్నే నిలవడి ఇన్నవు గద. ఎట్ల ఇన్నవు?"

పోతే పోండి అన్నప్పుడు పోయి ఉంటే ఈ మాట పడేవాణ్ని కాదు. కానీ పోలేక ఆగినవాణ్ని, ఆగి కూడా నోరు విప్పలేదు.

మణికట్టు పట్టుకుని వార్డులోకి లాక్కుపోయాడు. "నాకు గాదు. ఈమెకు చెప్పు" అన్నాడు.

మంచం ముందు నిలబడి మళ్లీ చెప్పాను. రోగం పేరు, డాక్టరు మాట, ఎండ అబద్ధం, అన్నీ. అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పక్క మంచాలవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. అర్థమైందో లేదో అని మళ్లీ మొదలుపెట్టబోయాను.

"అయితె నేను చెయ్యెత్తిన" అంది.

"నేను చూడలేదమ్మా. చూస్తె చెప్పెటోణ్ని."

"ఎత్తిన. ఇగో, గిట్ల." ఎడమ చెయ్యి తల మీదికి లేపి చూపించింది. తరవాత మొగుడి వైపు తిరిగి కోయలో ఒక మాట అంది. పగిడయ్య తల దించుకున్నాడు. గంగక్క ఆ చెయ్యి దించకుండా, అలాగే పెట్టుకుని ఏడ్చింది. ఆపరేషన్ అయిన రోజు కూడా ఏడవలేదని నర్సు అంది.

నన్ను క్షమించానని ఎవరూ అనలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.


మే 13

బండికి తాళం వేసి లాడ్జి వెనక పెట్టాను. తాళం చెవి జేబులో బరువుగా ఉంది.


మే 14, భద్రాచలం

"ఊర్ల గూడ చెప్పాలె" అన్నాడు పగిడయ్య. ఆటోలో ఇద్దరం పోయాం. ఆ మలుపు దగ్గర ఆటో ఆపించి, రోడ్డు పక్క ఎర్రమట్టి మీద నిలబడి, "ఈడ ఉండె" అన్నాడు. నేను చూశాను. రోడ్డు నుంచి రెండు గజాలు కూడా లేదు. ముప్పై అడుగుల దూరం నుంచి చిన్న పిల్లవాడు కూడా చూడగలడు.

ఆకు కట్టలు ఆరబెట్టే కల్లం దగ్గర పాతిక మంది ఉన్నారు. పెద్దమనిషి దూలయ్య మంచం వాల్చి కూర్చోమన్నాడు. కూర్చోకుండా నిలబడే చెప్పాను. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో పదిమంది ముందు నిలబడి మాట్లాడిన సందర్భం నాకు లేదు. వెనక ఎవరో ఆడమనిషి నవ్వింది.

"కండ్లు లేనోడు గుట్టలు చూడ పోయిండంట!"

కొందరు నవ్వారు. ఒక ముసలామె మాత్రం నవ్వకుండా, నేను తిట్టిన, నేనే తిట్టిన అని తనలో తాను అనుకుంటూ కట్టలు తిప్పుతోంది. దూలయ్య చివరికి అన్నాడు, "గా ముక్క ఆ పొద్దే చెప్పుంటె ఆ పిల్ల దవాఖానల మనసు నిమ్మలంగ పండుకునేది."

అక్కణ్నుంచి స్టేషన్‌కు నేనొక్కణ్నే పోయాను. హెడ్డు రాసిన కాగితం తీసి చదివి, నా ముఖం చూశాడు.

"ఊరోళ్లంత ఆమెదే తప్పని చెప్పిండ్రు. ఎవ్వరు అడగంది మీరెందుకు చెప్తున్నరు? కేసైతది. కోర్టుకు తిరగాలె. ఈ వయసుల ఎందుకు సార్?"

"ఆమెను అందరు గుడ్డిదంటుండ్రు. గుడ్డి నాది."

కాసేపు పెన్ను తిప్పి కొత్త కాగితం తీశాడు. లైసెన్సు, తాళం చెవి బల్ల మీద పెట్టాను. లాడ్జి నుంచి బండిని తెప్పించి స్టేషన్ ఆవరణలో ఉంచారు. బయటికి వచ్చాక ఏ వైపు పోవాలో తెలియక కాసేపు గేటు దగ్గరే ఉండిపోయాను. పన్నెండు రోజులుగా ఎక్కడికి పోవాలన్నా బండి దగ్గరికే పోయేవాణ్ని.

బస్టాండులో కూర్చుని రూప్లికి ఫోన్ చేశాను. మా తండా భాషలో, నెమ్మదిగా.

"రాజేష్‌కు జ్వరం తగ్గిందా?" అంది.

"రాజేష్ లేడు. మొదటి సంది లేడు."

"ఎరుకే. అరకు ఫోటో పంపిన దినం వాని పెండ్లానికి ఫోన్ చేసిన. వాడు ఇంట్లనే ఉండు. ఎవలతోటి పోయినవో నువ్వే చెప్తవని చూసిన."

"ఎవలతోటి లేదు. ఒక్కణ్నే."

అది చెప్పాక మిగతాదంతా చెప్పాను. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. చంటిదాని ఏడుపు వినపడుతోంది కాబట్టి పెట్టలేదని తెలిసింది.

"గా మనిషి ఏ వార్డుల ఉన్నది?" అని మాత్రం అడిగింది.


మే 15, భద్రాచలం

రూప్లి వైరా నుంచి మొదటి బస్సుకు వచ్చింది. నన్ను దాటుకుని నేరుగా వార్డులోకి పోయింది. నేను వచ్చేసరికి రూప్లి గంగక్క జుట్టు విప్పి దువ్వుతోంది. కుడి చెయ్యి పని చేయక తొమ్మిది రోజులుగా గంగక్కకు జడ లేదు. అత్త పక్కన కూర్చుని చిక్కులు పట్టి ఇస్తోంది. ముగ్గురూ ఏదో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

మధ్యాహ్నం మెట్ల మీద నా పక్కన కూర్చుంది. ఎండలో గచ్చు కాలుతోంది. ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది.

"ముప్పై నాలుగేండ్లు నువ్వు పగటి పూట పండుకుంటె ఇంట్ల గిన్నె సప్పుడు కానియ్యలే. సోని ఆడుకుంటుంటె నోరు మూసిన. చుట్టాలొస్తె బయట చెట్టు కింద కూసోవెట్టిన. ఒక్కనాడన్న లేపినానా? ఇంక నీ డ్యూటీ అయిపోయె. లేచినవు గద. లేచినోనివి ఒక్క మాట చెప్పరాదా?"

"భయమైంది."

"దేనికి?"

"ఇంట్ల కూసుంటె మనిద్దరికి ఏం మాట్లాడాల్నో తెల్వది. బండి గూడ లేకపోతె ఎట్లనని."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "గదన్న ముందుగాల చెప్పేది ఉండె" అంది.


మే 16

మందు రూప్లి వేసింది. రెండు చుక్కలూ కళ్లలోనే పడ్డాయి.


జూన్ 19, పాల్వంచ

నెల రోజులుగా రాయలేదు. వాన మొదలైంది.

నిన్న ఇద్దరం బస్సులో పోయి గంగక్కను చూసి వచ్చాం. కర్ర పట్టుకుని ఇంటి ముందు నడుస్తోంది. మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. ఈ ఏటి ఆకు పోయింది, అది ఎవరమూ తిరిగి తేలేం. పగిడయ్య నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడడు. రూప్లితో మాట్లాడతాడు. కోర్టుకు ఆగస్టులో రమ్మన్నారు. పోతాను. గంగక్క మాత్రం వచ్చేటప్పుడు, "అన్నా, మెట్టున్నది, చూస్కో" అంది. నిజంగానే ఎడమ వైపు మెట్టు ఉంది.

ఇవాళ పొద్దున కరెంటు పోయింది. వాన చప్పుడే తప్ప టీవీ లేదు, ఫ్యాను లేదు. రూప్లి చిక్కుడు కాయలు తుంచుతూ నా ఎదురుగా కూర్చుంది. నాకు మళ్లీ ఏం మాట్లాడాలో తెలియలేదు. లేచి బయటికి పోదామనుకున్నాను.

"గుట్టలు ఎట్లున్నయి?" అంది.

"ఏ గుట్టలు?"

"నువ్వు పోయినయే. గంత దూరం పోయి వస్తివి. నాకు ఒక్క ముక్క చెప్పినవా? రాజేష్ ముచ్చట్లే గద చెప్పింది అన్ని దినాలు."

చెప్పడం మొదలుపెట్టాను. మొదట పొడి పొడిగా వచ్చింది. డొంకరాయి, సీలేరు, ఘాట్‌లో ఇంజను ఆపితే చెవులు గుయ్యిమనడం, కొండ మీద నుంచి దిగే పైపులు. లంబసింగిలో పొద్దున పొగమంచు లేదని, అది చలికాలంలోనేనని హోటలువాడు నవ్వడం. అరకులో దుమ్ము రేపుకుంటూ పోయిన పిల్లలు. ఎప్పుడు ఆపుతుందా అని చూశాను. ఆమె ఆపలేదు. గంటసేపు మాట్లాడినట్టున్నాను. కాయలు అయిపోయినా ఆమె ఉత్త చేటను ఒళ్లోనే పెట్టుకుంది.

"ఘాట్ ఎక్కేటప్పుడు కుడి దిక్కు లోయ అన్నవు. ఎడమ దిక్కు ఏమున్నది?"

ఆలోచించాను. అరకు దాకా, తిరిగి మారేడుమిల్లి దాకా మనసులో మళ్లీ ఆ దారంతా పోయి వచ్చాను. కుడి వైపు ప్రతి మలుపూ గుర్తుంది.

"తెల్వది" అన్నాను. "చూడలే."

రూప్లి చేట పక్కన పెట్టింది.

"గట్లయితె నువ్వు సగం గుట్టలే చూసి వచ్చినవు" అంది.

"అవ్."

లేచి వంటింట్లోకి పోతుందనుకున్నాను. పోలేదు. మిగతా సగం సంగతి చెప్పమన్నట్టు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది. వానను చూస్తూ ఇద్దరం కరెంటు వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.